పనసగుడ వారి సబ్‌నెట్

“ఎవరండీ వైరు పీకింది?”

కాటా గదిలోంచి బేబి వేసిన కేకకి బయట వరసలో ఉన్న రైతులు కూడా ఉలిక్కిపడ్డారు.

“నేనే,” అని పైనుంచి జవాబు వచ్చింది.

తలెత్తి చూసింది. నిచ్చెన చివర ఒక కుర్రాడు. భుజానికి నీలం కేబుల్ చుట్ట, చేతిలో పీకిన వైరు కొస. తప్పు చేసి దొరికిపోయినవాడి ముఖం కాదది. జామకాయ కోసినవాడి ముఖం.

“పీకేముందు ఒక మాట చెప్పాలని తెలీదా? బస్తా కాటా మీదే ఉంది. బరువు ఇక్కడ పడింది, ఆఫీసు సర్వర్‌లో పడలేదు. ఇప్పుడా రైతుకి ఏమని చీటీ ఇవ్వను?”

“చెప్పానండీ. మైకులో చెప్పించాను.”

“మైకు పాడై వారమైంది.”

“అయితే మైకుతో పోట్లాడాలి గానీ, నాతో ఎందుకండీ?”

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. బేబికి ఒళ్ళు మండింది. ఆ మంటలోనే ఇంకో సంగతి కూడా గమనించింది. నవ్వితే అతని కుడి బుగ్గ మీద చిన్న సొట్ట పడుతోంది. గమనించినందుకు తన మీద తనకే ఇంకాస్త మండింది.

తేనెగుట్ట కాఫీ రైతుల సంఘంలో బేబి తూకం ఆపరేటర్. కొండ మీద ఊళ్ళ నుంచి రైతులు జీపుల్లో, ఆటోల్లో ఎండిన కాఫీ గింజల బస్తాలు తెస్తారు. కాటా మీద బస్తా పెట్టగానే బరువు ఆమె కంప్యూటర్‌లోకి, అక్కణ్ణుంచి పక్క గదిలో ఆఫీసు సర్వర్‌లోకి వెళ్తుంది. సర్వర్ ఒప్పుకుంటేనే చీటీ ప్రింటవుతుంది. ఈ సీజన్లో ఆ సర్వర్‌కీ ఆమె కంప్యూటర్‌కీ మధ్య రోజుకో గొడవ. అది బాగుచెయ్యడానికే విశాఖపట్నం కంపెనీ ఈ కుర్రాణ్ణి పంపింది.

కొత్తవాళ్ళు ఎవరొచ్చి సిస్టమ్ ముట్టుకున్నా పేరు ఎక్కించుకోవాలని మేనేజర్ లక్ష్మీప్రసాద్ గారి ఆర్డరు. బేబి కీబోర్డు దగ్గరకు లాక్కుంది.

“పేరు?”

“ఫల్గుణ.”

“ఇంటిపేరు?”

“పనసగుడ.”

బేబి వేళ్ళు కీబోర్డు మీదే ఆగిపోయాయి.

“ఏటండీ, స్పెల్లింగ్ రాలేదా?”

“వచ్చు. అది నా ఇంటిపేరు కూడా,” అంది బేబి. చూపు అతని ముఖం మీద నుంచి తీసి తెరలోకి తిప్పుకుంది. గొంతు కూడా తెలియకుండానే తగ్గింది. “దిగి రండి దాదా. టీ తాగుదురు గాని.”

* * *

కొండ మీద దాదా అంటే అన్న. పనసగుడ వాళ్ళింట్లో పుట్టిన ఆడపిల్లకి పనసగుడ మగవాళ్ళంతా దాదాలే, తమ్ముళ్ళే. రక్తం కలిసిందా లేదా అని ఎవరూ వెనక్కి తవ్వరు. ఇంటిపేరు కలిసిందంటే ఒక్క కడుపున పుట్టినట్టే. అటువైపు ఆలోచన పోకూడదు. పోయిందంటే ఊళ్ళో తలెత్తుకోలేరు, అమ్మానాన్నలు పంక్తిలో కూర్చుని తినలేరు. బేబి ఆరో ఏట నుంచి హాస్టల్లో చదివింది. కొండ పద్ధతులు చాలా మర్చిపోయింది గానీ ఇది మర్చిపోలేదు.

ఫల్గుణకి ఇదేమీ తెలీదు. అతని తాత ఎప్పుడో కొండ దిగి సాలూరులో లారీల దగ్గర కూలికి కుదిరాడు. తండ్రి అక్కడే వ్యాను నడుపుతున్నాడు. వాళ్ళ వీధిలో అన్నయ్య అంటే, నాకు దూరంగా ఉండు అని మర్యాదగా చెప్పడం. అందమైన పిల్ల మొదటి రోజే దాదా అనేసరికి అతని సొట్ట మాయమైంది.

కానీ పని మానలేదు.

“మీ రోగం నాకు తెలిసిపోయింది,” అన్నాడు రెండో రోజు టీ దగ్గర.

“నాకేం రోగం?”

“మీక్కాదు. మీ నెట్‌వర్క్‌కి. అదిగో, ఆ బోర్డు చూడండి.”

సంఘం వాళ్ళు గేటు పక్కన కాఫీ రుచి చూసే గది పెట్టారు. బయట పెద్ద బోర్డు, ‘ఉచిత వైఫై’ అని. చలికాలం వచ్చిందంటే అరకు చూడ్డానికి వచ్చిన వాళ్ళంతా అక్కడ కార్లు ఆపుతారు. కాఫీ ఒక్కటే కొంటారు, ఫోన్లు మాత్రం నలుగురివీ తగిలిస్తారు.

“మీ నెట్‌వర్క్‌లో ఉన్నవి రెండువందల యాభై నాలుగు అడ్రస్సులు. టూరిస్టుల ఫోన్లు, మీ కాటా, సర్వర్, కెమెరాలు అన్నీ అందులోంచే తీసుకోవాలి. ఆదివారం వచ్చేసరికి అడ్రస్సులు అయిపోతన్నాయి. మీ మేనేజర్ గారి కంప్యూటర్ ఆన్ చేసేసరికి దానికి చోటు లేదు. మీ కాటాకి ముందే చేత్తో పెట్టిన అడ్రస్ ఉంది కాబట్టి బతికింది. అయినా రద్దీలో దాని మాట ఎవరికీ వినపడట్లేదు.”

“మరి ఏం చేస్తారు?”

“ఒకే గదిలో వంట, అందులోనే పడక, అందులోనే చుట్టాలు. ఎలగుంటది? గోడలు కట్టాలి. ఆఫీసుకి ఒక గది, కాటాకి, కెమెరాలకి ఒక గది, టూరిస్టులకి ఒక పెద్ద హాలు. వీటినే సబ్‌నెట్లు అంటాం.”

“గోడ కట్టేస్తే మరి నా కాటా ఆఫీసు సర్వర్‌తో ఎలా మాట్లాడుతుంది?”

“గుమ్మం ఉంటది కదా. గేట్‌వే. పక్క గదివాళ్ళకి చెప్పాల్సింది గుమ్మంలో చెప్తే, గుమ్మం తీసుకెళ్ళి చెప్తది.”

బేబి గ్లాసు చల్లారిపోతోంది. ఆమె పట్టించుకోలేదు. “ఎదుటివాడు తన గదివాడో పక్క గదివాడో మెషిన్‌కి ఎలా తెలుస్తుంది?”

ఫల్గుణ ఆమె వైపు కొత్తగా చూశాడు. “అడగాల్సిన ప్రశ్నే అడిగారు. దానికి మాస్క్ అని ఒకటుంటది. అడ్రస్‌లో ఎంతవరకు ఇంటిపేరో, ఎక్కణ్ణుంచి సొంత పేరో చెప్పేది అదే. ఇంటిపేరు కలిస్తే, మన గదివాడే అని నేరుగా పిలుస్తది. కలవకపోతే గుమ్మానికి పంపుతది.”

“మనలాగే. ఇంటిపేరు కలిస్తే అన్నాచెల్లెళ్ళు.”

“ఒక మాట అడుగుతాను. మీరు నన్ను దాదా అనకపోతే జీతం కోస్తారేటి?”

“దాదాని దాదా అనక ఏమంటారు?”

ఫల్గుణ గ్లాసు కింద పెట్టి లేచిపోయాడు. ఎందుకు లేచాడో బేబికి అర్థం కాలేదు. అర్థం కాకపోతేనే మంచిదనుకుంది.

అక్కణ్ణుంచి పని జరుగుతున్నన్నాళ్ళూ అలాగే గడిచింది. అతను నిచ్చెన మీద, ఆమె తెర ముందు. ఒకరోజు వచ్చేసరికి ఆమె బల్ల కింద ఎప్పుడూ కాళ్ళకి చుట్టుకునే వైర్లన్నీ జడలా అల్లి గోడకి కట్టేసి ఉన్నాయి. “మీరేనా?” అంటే, “పనిలో భాగమండీ,” అన్నాడు. పక్క బల్ల కింద మాత్రం వైర్లు ఎప్పట్లాగే చిందరవందరగా పడి ఉన్నాయి. కరెంటు పోయినప్పుడల్లా నల్లబడ్డ తెర అద్దమయ్యేది. అందులో నిచ్చెన కనిపించేది. నిచ్చెన మీద మనిషి ఇటే చూస్తూ కనిపించేవాడు. కరెంటు ఇంకాసేపు రాకపోతే బాగుండునని అనుకుని, మరుక్షణం చెంపలు వేసుకునేది.

బుధవారం వాళ్ళమ్మ వాట్సాప్ కాల్ చేసింది.

“ఏమే, ఉదయ్ వాళ్ళు శనివారం వత్తారట. కల్లు కుండ పట్టుకుని వత్తన్నారు. శుక్రవారం నాన్న బస్తాలు తెత్తాడు కదా, తూకం అయిపోయాక నాన్నతో వచ్చీ.”

“శనివారమా?” అంది బేబి.

“ఉదయ్ మంచి గుంటడే. కొయ్యూరులో మాస్టారు ఉద్యోగం. వంక పెట్టడానికి లేదు.”

నిజంగానే లేదు. అదే కష్టం. మగపెళ్ళివారు జీలుగు కల్లు కుండ తెచ్చి గడప ముందు దించుతారు. ఇంటివాళ్ళు ఒక గుక్క తాగారంటే మాట కుదిరినట్టే. ఆ తర్వాత కాదంటే రెండు ఊళ్ళ మధ్య తగువు. కాదనాలంటే ముందే అనాలి. ఎందుకు కాదంటావని అడిగితే ఏం చెప్తుంది? దాదా కోసమనా?

ఇంటిపేరు కలిస్తే ఇంక దారే లేదా అని నాన్నని అడిగితే? ఏమని అడుగుతుంది? ఫల్గుణ పేరు నోటెంట వచ్చిందంటే చాలు, ఎందుకడిగిందో ఆయనకి తెలిసిపోతుంది.

* * *

శుక్రవారం తెల్లారేసరికి మబ్బు కొండల భుజాల మీదకి దిగింది. సముద్రంలో వాయుగుండం పడిందని, సాయంత్రానికి పెద్ద వాన అని టీవీలో చెప్పారు. ఎండిన గింజ తడిస్తే బూజు పడుతుంది, ధర పోతుంది. అందుకని కొండ మీదున్న కాఫీ అంతా ఒక్కరోజే దిగింది. వరస గేటు దాటి రోడ్డు మీదకి పోయింది.

ఆ వరసలోనే బేబి నాన్న సుక్రు కూడా ఉన్నాడు. బస్తాల మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

“ఇవాళ వద్దు ఫల్గుణా, సోమవారం మార్చుకుందాం,” అన్నారు లక్ష్మీప్రసాద్ గారు.

“రేపు శనివారం సార్. టూరిస్టులు దిగారంటే మీ తూకం మొత్తం ఆగిపోద్ది. భోజనాల గంట చాలు నాకు. గోడలు కట్టేస్తాను.”

మధ్యాహ్నం కాటా ఆపారు. ఫల్గుణ ఆఫీసులో రూటర్ ముందు కూర్చున్నాడు. ఒకటి నుంచి అరవై రెండు దాకా ఆఫీసు. అరవై అయిదు నుంచి నూట ఇరవై ఆరు దాకా కాటా, కెమెరాలు. నూట ఇరవై తొమ్మిది నుంచి పైనున్నదంతా టూరిస్టులకి. సర్వర్ ఇరవైలో, బేబి కంప్యూటర్ డెబ్భైలో. అన్నీ మార్చి వచ్చి, నిలబడే ఆమె కంప్యూటర్‌లో గుమ్మం అడ్రస్ కొట్టాడు.

“అయిపోయింది. పిలవండి మొదటి బస్తా.”

బస్తా కాటా ఎక్కింది. బేబి మీట నొక్కింది. తెర మీద చక్రం తిరిగింది. తిరిగింది. ఎర్ర అక్షరాలు వచ్చాయి. సర్వర్ దొరకలేదు.

“ఇంకోసారి నొక్కండి.”

మళ్ళీ అవే ఎర్ర అక్షరాలు.

ఫల్గుణ ఆఫీసుకి పరిగెత్తాడు, వచ్చాడు. వైరు పీకాడు, పెట్టాడు. “ఇంటర్నెట్ వస్తందా?”

బేబి చూసింది. “వస్తోంది. వాతావరణం తెరిచాను, వచ్చింది.” తెర మీద బంగాళాఖాతంలో తెల్లటి సుడి తిరుగుతోంది.

“విచిత్రం! ప్రపంచమంతా తెరుచుకుంటంది, పక్క గది తెరుచుకోడం లేదు.”

వరసలో గొణుగుడు మొదలైంది. మొదటి చినుకు రేకు మీద టప్పున పడింది. రెండోది. మూడోది. జనం టార్పాలిన్ల కోసం పరుగెత్తారు. సుక్రు లోపలికి తొంగి చూశాడు.

“ఏమే గుంటా, అవలేదేటి? మబ్బు దిగిపోతంది. సీకటి పడితే గాట్ రోడ్డులో జీపోడు రానంటాడు. బేగి కానీ.”

“అవుతుంది నాన్నా.”

“అమ్మ సెప్పింది కదా రేపటి సంగతి?”

“చెప్పింది.”

ఫల్గుణ తలెత్తాడు. “రేపేటి?”

“నన్ను చూసుకోడానికి వస్తున్నారు.” తెర మీంచి చూపు తిప్పకుండా అంది బేబి. “కుండ దించుతారు. నాన్న తాగితే అయిపోయినట్టే.”

ఫల్గుణ చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది. రేకు మీద వాన ఒక్కసారిగా హోరెత్తింది. ఆ హోరులో మాట్లాడటం ఇద్దరికీ సులువైంది.

“మొదటి రోజే చెప్పేశారు లెండి,” అన్నాడు. “దాదా, దాదా అని. నాకే బుర్రలేక...”

“ఏం చెప్పాను?”

“నేనక్కర్లేదని.”

“అక్కర్లేదని నేనెప్పుడన్నాను?” బేబి గిర్రున తిరిగింది. “మీది పనసగుడ, నాది పనసగుడ. అన్న కాక మరేమవుతారు? మీరు వేరే ఏ ఇంట్లో పుట్టినా నేను...”

అక్కడ ఆగింది. ఆగిన చోటు ఇద్దరికీ అర్థమైంది. ఫల్గుణ ముఖంలోకి రక్తం వచ్చింది. ఆమె ముఖంలోంచి పోయింది.

“అంటే... ఇష్టం లేక కాదా? మీ కొండ రూలా?”

“ముందు కాటా చూడండి,” అంది బేబి. “రైతులు తడుస్తున్నారు.”

అతను సెట్టింగ్ తెరిచాడు. అడ్రస్ సరిగ్గానే ఉంది. గుమ్మం సరిగ్గానే ఉంది. వాటి మధ్య వరసలో వేలు పెట్టి ఆగిపోయాడు. నుదురు కొట్టుకున్నాడు.

“మాస్క్! పాతదే ఉండిపోయింది. ఆఖర్న సున్నా ఉంది. దీన్ని చేత్తో పెట్టాం కదా, చేత్తోనే మార్చాలి. మర్చిపోయాను.”

“సున్నా ఉంటే ఏమవుతుంది?”

“దీనికి గోడలు కట్టిన సంగతే తెలీదు. ఇంటిపేరు ఇంకా పాతదాకానే చదువుతంది. సర్వర్ కూడా మన గదివాడే అనుకుని గట్టిగా పిలుస్తంది. వాడు పక్క గదిలో ఉన్నాడు, వినపడదు. బయటి ప్రపంచం ఎలాగూ వేరే ఇల్లే కాబట్టి దానికి మాత్రం గుమ్మంలోంచే వెళ్తంది. కొట్టండి, నూట తొంభై రెండు.”

బేబి కొట్టింది. మీట నొక్కింది. బస్తా బరువు పచ్చగా మెరిసి, చీటీ కిర్రుమంటూ బయటికొచ్చింది. వరసలో ఈలలు పడ్డాయి.

బేబి మాత్రం చీటీ చింపలేదు. తెర మీద ఆ రెండు అడ్రస్సులనీ చూస్తూ ఉండిపోయింది. సర్వర్‌ది, తనది. మొదటి మూడు ముక్కలూ ఒకటే. పొద్దున చూసినవాడెవడైనా ఒకే ఇల్లంటాడు. అయినా రెండూ వేరు. అడ్రస్‌లో ఒక్క అంకె కూడా మారలేదు. ఇంటిపేరు ఎక్కడిదాకా అన్నదొక్కటే మారింది.

“మీ వంశం ఏది?” అంది హఠాత్తుగా.

“వంశమా?”

“మేం నాగవంశం. పాముని చంపం. మా ఊళ్ళో ఉన్న పనసగుడ వాళ్ళందరూ నాగవంశమే, అందుకని ఇంటిపేరు చూస్తే చాలనుకున్నాను. పెద్దవాళ్ళు అసలు చూసేది వంశం. మీదేమిటి?”

“నాకు తెలీదు,” అన్నాడు ఫల్గుణ. “నిజంగా తెలీదు. నాన్నకీ తెలీదు. నాన్నమ్మకి తెలుస్తది.”

“అడగండి.”

“ఇప్పుడా?”

“మరెప్పుడు? ఈ వరస అయ్యిందంటే నేను జీపెక్కేస్తాను.”

“నాగవంశమే అయితే?”

బేబి తెర వైపు తిరిగింది. తర్వాతి బస్తా కాటా ఎక్కింది. నొక్కింది. చీటీ వచ్చింది. “అయితే అయింది,” అంది. “తెలీకుండా ఉండటం కంటే నయం.”

* * *

తేనెగుట్టలో సెల్ సిగ్నల్ అందదు. మాట్లాడాలంటే వైఫై మీదే. ఫల్గుణ తన ఫోన్‌లో సాలూరు ఇంటికి వీడియో కాల్ కలిపాడు. తెర మీద ముందు పైకప్పు, తర్వాత ఒక చెవి పోగు, ఆ తర్వాత ముసలి ముఖం కనిపించాయి.

“ఎవలు? ఫల్గుణేనేటి? తిన్నావా?”

“తిన్నాను నాన్నమ్మా. మనది ఏ వంశం?”

“ఏటి?”

“వంశం! వంశం!”

“మాంసమా? ఈయాల శుక్రవారం కదరా.”

అప్పటికే గది నిండిపోయింది. వాన నుంచి తప్పించుకుని లోపలికొచ్చిన రైతులంతా గోడకానుకుని, తమ తూకం కూడా మర్చిపోయి చూస్తున్నారు. సుక్రు వాళ్ళని తోసుకుని ముందుకొచ్చాడు. కూతురి ముఖం చూశాడు. కుర్రాడి ముఖం చూశాడు. ఆయనకి ఇంకెవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

“ఎవుడీ గుంటడు?” అన్నాడు నెమ్మదిగా.

“పనసగుడ ఫల్గుణ, నాన్నా.”

సుక్రు చుట్ట నోట్లోంచి తీశాడు. గదిలో గుసగుసలు ఆగిపోయాయి.

“సదువుకున్నావు కదే,” అన్నాడు చివరికి. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

“నాన్నా, వాళ్ళ వంశం ఏదో ఒక్కసారి అడుగు. నాగవంశమే అయితే నీతో వచ్చేస్తాను. రేపు కుండ తాగెయ్యి. ఇంక మాటాడను.”

సుక్రు చెయ్యి చాచి ఫోన్ తీసుకున్నాడు. కొండ గాలికి అరిచి అలవాటైన గొంతు ఆయనది.

“అమ్మా, తేనెగుట్ట కాడి నుంచి సుక్రుని. మీ ఆయన ఊరు ఏ పనసగుడ? కొండ మీదదా, కిందదా?”

“మీదదే నాయనా. ఊట గెడ్డ పక్కన.”

సుక్రు ముఖం వాడిపోయింది. “మాదీ మీద పనసగుడే,” అన్నాడు బేబితో, గొంతు దించి. బేబి బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. ఫల్గుణ ఆమె వైపు చూడటం మానేశాడు.

“అమ్మా, ఇంకోటి సెప్పు. మీ అత్తోరింట్లో పాముని...”

ఫోన్ తెర బిగుసుకుపోయింది. ముసలమ్మ నోరు తెరిచి, అలాగే ఉండిపోయింది.

“ఏటైపోయింది?” అన్నాడు సుక్రు కంగారుగా.

“టూరిస్టుల హాల్లో ఉన్నాం మనం,” అన్నాడు ఫల్గుణ. “వానకి అందరూ కాఫీ గదిలో దూరి వీడియోలు చూస్తన్నారు. వాళ్ళ స్పీడు నేనే తగ్గించాను. దీన్ని ఆఫీసు వైఫైకి మార్చాలి.”

“సొంత ఫోన్లు ఆఫీసు వైఫైలో పెట్టకూడదని పొద్దున్నే కదయ్యా నాతో రూలు పెట్టించావు,” అన్నారు గుమ్మంలో నిలబడ్డ లక్ష్మీప్రసాద్ గారు.

“నాను సంగం మెంబర్ని బాబూ,” అన్నాడు సుక్రు. “ఇది మెంబరు పని.”

లక్ష్మీప్రసాద్ గారు గదిలోని ముఖాలన్నీ ఒకసారి చూశారు. “పాస్‌వర్డ్ బేబికి తెలుసు,” అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు.

బేబి కొట్టింది. తప్పు పడింది. మళ్ళీ కొట్టింది. ముసలమ్మ నోరు కదిలింది.

“...ఏటన్నావు? ఇనపడలేదు.”

“పాముని! మీ అత్తోరు పాముని సంపుతారా?”

“సంపరా మరి? గడప దాటి వత్తే ముద్దెట్టుకుంటారేటి? మా మావ ఎన్ని సంపాడో లెక్కే లేదు! ఒకపాలి పొలంలో...”

గదంతా గొల్లుమంది. ఇంకో వేళయితే నాగవంశం వాళ్ళు చచ్చిపోయిన పాము మాట వింటే తలస్నానం చేస్తారు. సుక్రు అప్పుడు నవ్వును చుట్ట వెనక దాచుకోడానికి నానా తంటాలు పడుతున్నాడు.

“మరి మీరు మొక్కీదెవరికమ్మా?”

“పొద్దుకి. సూరీడికి. గ్రహణం పట్టిందంటే మా అత్త వండిన కుండలన్నీ బయటికి ఇసిరీసేది. పొద్దు మా తాత కదా!”

“సూర్యవంశం,” అన్నాడు సుక్రు, అందరికీ వినబడేలా. బస్తా దించినవాడిలా ఊపిరి వదిలాడు. “మీద పనసగుడలో మా రెండు వంశాలోళ్ళూ ఉండీవోరని మా నాన్న సెప్పీవోడు. బళ్ళో యేసినప్పుడు పంతులు అందరికీ ఊరి పేరే ఇంటిపేరు రాసీసినాడట. ఆల్లు దిగిపోయాక మేమే మిగిలాం. నానూ మర్సిపోయాను.”

బేబి పట్టుకున్న బల్ల అంచు వదిలింది. వెంటనే ఇంకో భయం పట్టుకుంది. ఇంతమంది ముందు, ఇంత చేసింది. వంశాలు విప్పించింది, వైఫై మార్పించింది, నాన్న చేత అడిగించింది. ఆ కుర్రాణ్ణి మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. తనూ అడగలేదు. అక్కర్లేదని అన్నానా అని పోట్లాడింది గానీ, నీకు కావాలా అని అడగలేదు.

ముసలమ్మకి కూడా అదే అనుమానం వచ్చినట్టుంది. “ఒరే గుంటడా, ఇయన్నీ ఎందుకడుగుతన్నారు? పెళ్ళా ఏటి?”

ఫల్గుణ సుక్రు చేతిలోంచి ఫోన్ తీసుకోలేదు. ఆయన పక్కకి వచ్చి, తెరలో తన ముఖం కనబడేలా వంగాడు.

“అవును నాన్నమ్మా. కానీ పొద్దున్న ఇంకొకళ్ళు కుండ పట్టుకుని బయల్దేరతన్నారు. నాన్నతో వ్యాను తీయించు. నువ్వూ రా. నేనొక్కణ్ణీ అడిగితే సరిపోదు. పెద్దోళ్ళు రావాలి.” బేబి వైపు వేలు చూపించాడు. “నాకు ఈ అమ్మాయే కావాలి.”

బేబి చెవులు వేడెక్కాయి. అతన్ని చూడ్డానికి తెర నల్లబడక్కర్లేదని మొదటిసారి అనిపించింది.

“కొయ్యూరోళ్ళకి నాను సెప్తాను,” అన్నాడు సుక్రు. “ఉదయ్ నాన్న బుధు పెద్దమనిసి. దించని కుండకి తగువు రాదు. ఇప్పుడే సెప్పాల, ఆల్లు బయల్దేరకముందే.” కూతురి వైపు తిరిగాడు. “గుంటడు సెప్పాడు. నువ్వేటంటావే?”

వరసంతా ఆమెనే చూస్తోంది. కాటా మీద ఎవరిదో బస్తా అలాగే ఉంది. అవునన్న మాటకి బదులు బేబి చెయ్యి చాచి నాన్న దగ్గర ఫోన్ తీసుకుంది. తెరలోకి వంగి, ముసలమ్మకి వినబడేలా గట్టిగా అంది.

“నాన్నమ్మా, వచ్చేటప్పుడు దుప్పటి తెచ్చుకోండి. ఇక్కడ చలెక్కువ. ముందు సీట్లో కూర్చోండి, గాట్ రోడ్డులో తల తిరుగుతుంది.”